జాకెట్లన్నీ సర్దారా?

మే రెండోవారం దాటిందంటే గుంటూరు మిర్చియార్డుకు వేసవి సెలవులు. దాదాపు నెలరోజులు కాటాలు ఆగిపోతాయి. అప్పటిదాకా తుమ్ముకుంటూ దగ్గుకుంటూ టిక్కీలు మోసిన ముఠా కార్మికులు ఊళ్ల బాట పడతారు. అమ్ముడుపోని కాయ కోల్డ్ స్టోరేజీలో చల్లగా నిద్రపోతుంటుంది. పత్తి చేలల్లో కట్టె పీకేసి ఉంటుంది. తొలకరి పడి, విత్తనాల కొట్ల ముందు క్యూలు మొదలయ్యేదాకా గుంటూరు, ప్రకాశం రైతు కుటుంబాలకు కాస్త ఊపిరాడేది ఈ కాసిని రోజులే. పెళ్లిళ్లూ పేరంటాలూ ఇప్పుడే. తిరుపతి మొక్కులూ ఇప్పుడే. నాలుగు డబ్బులు మిగిలిన ఏడాదైతే కాశీ, కాకపోతే ఊటీ.

2022 వేసవిలో ఆ జాబితాలోకి కొత్తగా ఓడ వచ్చి చేరింది.

ఓడంటే ఆషామాషీ ఓడ కాదు. పదకొండు అంతస్తులు. పద్దెనిమిది వందలమంది దాకా పడతారు. 1990లో ఫ్రాన్స్‌లో తయారై, వేరే దేశాల సముద్రాలన్నీ చుట్టి, చివరికి కార్డీలియా వారి చేతికొచ్చిన ‘ఎంప్రెస్’. ముంబయి నుంచి గోవాకూ లక్షద్వీపాలకూ తిరిగే ఈ నౌకకు జూన్ వస్తే అక్కడ పని కుదరదు. నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం ఉగ్రరూపం దాలుస్తుంది. అందుకని ఆ ఏడాది వానాకాలానికి తూర్పు తీరానికి వచ్చింది. జూన్ 4న చెన్నైలో మొదటి ప్రయాణం, 8న విశాఖలో దర్శనం. అటు సముద్రానికి కోపం వచ్చిన రోజుల్లోనే ఇటు యార్డుకు సెలవులొచ్చాయన్నమాట! టీవీలో ఆ ఓడను చూసినవాళ్లలో గుంటూరు, ప్రకాశం వైపు ఆడవాళ్లు ఆరుగురున్నారు. ఆ సాయంత్రమే ఆరు ఫోన్లూ మోగాయి.

ఊరిపేర్ల నేస్తాలు

ఆరుగురూ ఒకప్పుడు గుంటూరులో ఒకే కాలేజీ, ఒకే హాస్టలు. వాళ్లలో ముగ్గురిది ఒకే పేరు కావడంతో హాస్టల్లో ఊరిపేర్లతో పిలుచుకోవడం మొదలైంది. ముప్పై ఏళ్లు దాటినా, అత్తారిళ్లు మారినా, మనవళ్లు పుట్టినా ఆ పిలుపులు మారలేదు. గుంటూరు భర్తకు యార్డులో కమీషన్ కొట్టు. ప్రత్తిపాడుకు పదెకరాల పత్తి. పర్చూరుది మిరప సేద్యం. చీరాలకు బట్టల కొట్టు. చిలకలూరిపేట నుంచి వచ్చినామె ‘పేట’, లెక్కల టీచరుగా చేసి మానేసింది. ఇక ఒంగోలు... ఆమె సంగతి తర్వాత.

యాభై నిండిన ఏడాది అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్లాలని నెలనెలా కొంత వేసుకోవడం మొదలెట్టారు. లెక్క రాసేది ‘పేట’. యాభై నిండాయి, కరోనా వచ్చింది. రెండేళ్లపాటు డబ్బు బ్యాంకులో, మనుషులు ఇళ్లలో. 2022కు అన్నీ తెరుచుకున్నాయి గానీ ఆ ఏడాది ఈ మెట్ట ఒకే కంట్లో నవ్వూ ఏడుపూ చూసింది. అంతకుముందు చలికాలంలో మిరపమీద నల్ల తామరపురుగు పడింది. పూతలోకి దూరి పూతను రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. పచ్చగా ఉన్న తోటల్నే చాలామంది దున్నేశారు. అదే ఏడాది పత్తి క్వింటా పదివేలు దాటింది. రైతులు ఎన్నడూ చూడని ధర. ఒకే పొలంగట్టుకు అటువైపు పండగ, ఇటువైపు అప్పు.

ప్రత్తిపాడు చేతిలో డబ్బుంది. పర్చూరు నాలుగు నెలల కంతులు కట్టలేదు.

“మీరెళ్లిరండే. ఫొటోలు పంపండి” అంది పర్చూరు. ఆ మాట ఎవరూ ఒప్పుకోరని ఆమెకు తెలుసు. ఒప్పుకుంటే ఎంత బాధపడుతుందో మిగతావాళ్లకు తెలుసు. ప్రత్తిపాడు ఆమె వాటా తను కట్టేస్తానంటే కోపం వచ్చింది. “ఊరికే ఇస్తే రాను. వడ్డీకిస్తే వస్తా.” బేరం రూపాయి వడ్డీ దగ్గర మొదలై పావలా వడ్డీ దగ్గర తెగింది. వచ్చే పంట కోతలయ్యాక ఇచ్చేట్టు. ‘పేట’ ఆ లెక్కను పుస్తకంలో రాసి, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించింది. రెండు రాత్రులు సముద్రంలో తిరిగి మళ్లీ చెన్నైలోనే దించే టూరుకు, జూన్ మూడోవారానికి, ఆరు టిక్కెట్లు తీసుకున్నారు.

ఆరో టిక్కెట్టు తీసుకున్న సంగతి ఒంగోలుకు చెప్పలేదు.

బ్రాడీపేట నుంచి బట్టల వేట

మగవాళ్లకు ప్రయాణమంటే బయల్దేరిన రోజు మొదలవుతుంది. ఆడవాళ్లకు నెల ముందే మొదలవుతుంది. రెండోదే అసలు ప్రయాణమని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటను తీసిపారేయడానికి లేదు.

చీరాల తన కొట్లోంచి ఆరు కుప్పడం చీరలు పక్కన పెట్టింది. ఒకే రకం, అంచు రంగులే వేరు. ‘యూనిఫాం’ అన్నమాట. ఓడ ఎక్కేటప్పుడు ఆరుగురూ అవే కట్టాలి. రెండో రాత్రి విందుకు పట్టుచీరలు. పగళ్లకు పంజాబీ డ్రస్సులు. చీరలయితే అరగంటలో తేలాయి. జాకెట్ల దగ్గర ఆగింది కథ. జ్యేష్ఠమాసం, పెళ్లిళ్ల కాలం. బ్రాడీపేట టైలరు తలెత్తకుండానే “ఆషాఢం రానీయండమ్మా” అన్నాడు. ఆషాఢానికి ఓడ వెళ్లి రావడం కూడా అయిపోతుంది! గుంటూరు రోజూ సాయంత్రం వెళ్లి ఆ కొట్టు ముందు కూర్చునేది. ఆమె పోరు పడలేక పెళ్లికూతురి జాకెట్లు పక్కనపెట్టి వీళ్లవి కుట్టిచ్చాడు. పద్దెనిమిది జాకెట్లు. వాటిలో రెండు బిగుతు, ఒకటి వేరేవాళ్లది.

తర్వాత చెప్పులు. ఓడ పైఅంతస్తులో నేల తడిగా ఉంటుంది, నున్నటి అట్టల చెప్పులైతే జారతాయి. ఈ సంగతి పేట కనిపెట్టి చెప్పింది. అప్పటికే నలుగురు హీల్స్ కొనేశారు. అవి మార్చుకోవడానికి మళ్లీ అరండల్‌పేట. నల్ల కళ్లద్దాలు పర్చూరుకు నప్పినట్టు ఎవరికీ నప్పలేదు. ఆమె అద్దంలో రెండుసార్లు చూసుకుని, ధర చూసి పక్కన పెట్టేసింది. చీరాల అవి తన బిల్లులో కలిపేసింది. “ఇది కూడా పావలా వడ్డీకే” అంది. ఆమె నవ్వింది. తామరపురుగు పడ్డాక ఆమె అలా నవ్వడం అదే మొదటిసారని ప్రత్తిపాడు తర్వాత అందరికీ ఫోన్ చేసి చెప్పింది.

ఇక ఈతకొలను. ఓడ పైన కొలనుంది. అందులోకి దిగాలంటే నైటీలూ చుడీదార్లూ పనికిరావు, నైలాన్ ఈతదుస్తులే వేసుకోవాలి. నూలు బట్టల పోగులు నీళ్లు వడకట్టే యంత్రాల్లో చిక్కుకుంటాయట. మెట్ట పొలాల మధ్య పెరిగిన ఆరుగురిలో ఈత వచ్చింది ఒక్క పేటకే. అదీ చిన్నప్పుడు దిగుడుబావిలో సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చుకున్నది. మిగతావాళ్లకు నీళ్లంటే నాగార్జునసాగర్ కుడికాలవే. అది వస్తే పండగ, రాకపోతే దిగులు. దిగి ఆడుకునే నీళ్లు వాళ్లెరగరు. క్రీడాసామగ్రి కొట్లో మోచేతుల దాకా, మోకాళ్ల కింది దాకా ఉండే ఈతదుస్తులు దొరికాయి. సైజు చెప్పడానికి సిగ్గుపడి, కొట్టు కుర్రాడికి కాగితం మీద రాసిచ్చారు. అతను దాన్ని బిగ్గరగా చదివి లోపలికి కేకేశాడు.

పచ్చడి జాడీకి అనుమతి లేదు

గుంటూరు మనిషి ప్రయాణం పెట్టుకున్నాడంటే సంచిలో ముందు పడేది పచ్చడి. అమెరికా విమానాశ్రయాల్లో కుక్కలు కూడా మన గోంగూర వాసన గుర్తుపడతాయని ఇక్కడ ఓ జోకు. పైగా ఆ ఏడాది పండుమిరప కారం బంగారంతో సమానం. పురుగు తినగా మిగిలిన కాయలు ఏరి, పర్చూరు స్వయంగా రోట్లో దంచింది. ఆమె వడ్డీ కాకుండా ఇవ్వగలిగింది అదొక్కటే. గోంగూర, కందిపొడి, నల్లకారం, చెక్కలు, సున్నుండలు... అన్నీ కలిపి పన్నెండు కిలోలు తూగాయి.

అప్పుడు బయటపడింది అసలు నిబంధన. సాధారణంగా ఇలాంటి నౌకల్లోకి బయటి తిండి ఎక్కనివ్వరు. ఇంట్లో వండింది అసలే వద్దంటారు. వేలమంది ఒకేచోట తిని, ఒకే గాలి పీల్చే ఊరది. ఒకరికి కడుపు చెడితే ఓడంతా చెడుతుంది. విమానాశ్రయంలో మాదిరే సామాన్లు యంత్రంలోంచి వెళ్తాయి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్, కత్తులు, కొవ్వొత్తులు, అగరొత్తులు, అన్నీ తీసి పక్కన పెడతారు. నడిసముద్రంలో అగ్నిమాపక శకటం రాదు మరి. జైనులకు కూడా వేరే వంట వండుతున్న ఓడలో ఆంధ్రా కారం దొరుకుతుందా లేదా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. “రెండు రోజులు కారం లేకుండా బతకలేమా?” అంది పేట. బతకగలమని ఎవరూ అనలేదు.

మందుల కొట్లో వాంతుల బిళ్లలు కొన్నారు. సముద్రం కడుపును తిప్పడం మొదలెట్టాక వేసుకుంటే లాభం తక్కువ, గంట ముందే వేసుకోవాలి, నిద్ర వస్తుంది. ఇంకో మందు వాడుతుంటే డాక్టరును అడిగి వేసుకోవాలి. బీపీ, షుగరు బిళ్లలు నాలుగు రోజులకు సరిపడా విడిగా చేతిసంచిలో. పెద్ద సంచి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది కాబట్టి మందులు దాంట్లో పెట్టకూడదు. గుర్తింపు కార్డు, ఆ ఏడాదైతే కొవిడ్ టీకా ధ్రువపత్రం. వీటన్నిటికీ నకళ్లు తీసి పేట ఆరు కవర్లలో పెట్టింది. కవరు మీద ఊరిపేర్లే రాసింది.

ఆరో కవరు అలాగే ఉండిపోయింది.

ఆ ఆదివారం

ఒంగోలుకు డబ్బు ఇబ్బంది లేదు. ఇంట్లో వద్దనేవాళ్లు లేరు. ఆమె వద్దనడానికి కారణం ఒక తేదీ.

2017 నవంబరు 12. ఆదివారం, కార్తికమాసం. ఒంగోలు నుంచి ఉదయపు నడక నేస్తాలు, వాళ్ల కుటుంబాలు కలిసి అమరావతి, విజయవాడల యాత్రకు వెళ్లారు. వాళ్లూ వారం ముందు నుంచే సర్దుకుని ఉంటారు. పులిహోర కలిపి ఉంటారు. పిల్లలకు స్వెట్టర్లు పెట్టి ఉంటారు. సాయంత్రం భవానీ ద్వీపం వైపు నుంచి పవిత్ర సంగమానికి పడవలో వెళ్తే హారతి చూడొచ్చని బయల్దేరారు. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో కలిసే చోటది. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. ఒడ్డు కనిపిస్తుండగానే తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే.

వాళ్లలో ఆమెకు రోజూ పలకరింపున్న మనుషులున్నారు. ఆ సోమవారం ఒంగోలు వీధుల్లో ఏం జరిగిందో ఆమె ఎప్పుడూ వర్ణించదు. ఒక్క మాట మాత్రం అంటుంది. “అన్నీ తీసుకెళ్లారే. అన్నీ.” తర్వాత రెండేళ్లకు, 2019 సెప్టెంబరు 15న, అదీ ఆదివారమే, పాపికొండలు చూడటానికి వెళ్లిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో 77 మంది. బయటపడింది 26 మంది. వాళ్లలో పలువురు లైఫ్ జాకెట్ల మీద తేలుతుంటే ఒడ్డున ఉన్న తూటుగుంట గ్రామస్థులు నాటుపడవలేసుకుని వచ్చి లాగారు. పడవను బయటికి తీయడానికి నెల పైన పట్టింది. టీవీలో ఆ వార్త వస్తుంటే ఒంగోలు వంటింట్లోకి వెళ్లి గ్యాసు పొయ్యి తుడుస్తూ ఉండిపోయిందట.

నిజానికి ఓడలు ఈ నేలకు కొత్తకావు. చీరాలకు దగ్గర్లోని మోటుపల్లి కాకతీయుల నాడు పేరుమోసిన రేవు. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజుదేనని అంతకుముందటి పాలకులు లాక్కునేవారట. 1244లో గణపతిదేవుడు అక్కడ శాసనం వేయించాడు. సముద్ర వ్యాపారులు భయపడనక్కర్లేదు, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని. దాని పేరే అభయ శాసనం. సరుకుకు అభయం దొరికి ఎనిమిది వందల ఏళ్లు కావస్తోంది. మనిషికి ఇచ్చే అభయం మాత్రం పడవ నడిపేవాడి ఇష్టాన్నిబట్టి ఉండటం చిత్రమే.

పేట లెక్కల టీచరు. ఒంగోలును బతిమాలలేదు. వారం పాటు రోజూ రాత్రి ఫోన్ చేసి ఒక్కో సంగతి చెప్పింది. 1912లో టైటానిక్ మునిగాక దేశాలన్నీ కూర్చుని 1914లో నౌకల భద్రతకు ఒప్పందం రాసుకున్నాయని ఒకరోజు. ప్రయాణికుల ఓడలో మనిషికో జాకెట్ ఉండి తీరాలని, పిల్లలకు సరిపోయేవి ప్రయాణికుల లెక్కలో కనీసం పదో వంతు విడిగా ఉంచాలని ఇంకోరోజు. దానికి ఈల, దీపం ఉంటాయని, స్పృహ తప్పినా ముఖం నీళ్లపైకే తిప్పి ఉంచేలా కుడతారని మరోరోజు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా ఒరిగిపోయినప్పుడు, ఆ సాయంత్రం ఎక్కిన వందలమందికి ప్రమాదమొస్తే ఎటు వెళ్లాలో ఇంకా చూపించనేలేదు. ఆ కసరత్తు మర్నాటికి పెట్టుకున్నారు. 32 మంది పోయారు. 2015 నుంచి నిబంధన మారింది. ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే ఆ కసరత్తు చేయించాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అది వినపడితే చేతిలో ఏమున్నా వదిలేసి చెప్పిన చోటికి రావాలి.

ఒంగోలు అన్నీ వింది. ఏడోరోజు అడిగింది.

“జాకెట్ చీర మీద పడుతుందా?”

అవతల పేటకు గొంతు పెగల్లేదు. పడుతుందని చెప్పి ఫోన్ పెట్టేసింది. వెంటనే మిగతా నలుగురికీ ఫోన్లు. చీరాల అప్పటికప్పుడు ఆరో కుప్పడం చీరకు జాకెట్ గుడ్డ కోయించింది. టైలరు దగ్గరకు మళ్లీ వెళ్లే ధైర్యం గుంటూరుకు కూడా లేకపోయింది. దాన్ని పర్చూరు తన కుట్టుమిషను మీద ఒక్క రాత్రిలో కుట్టింది. ఆరు చీరల మీద జాకెట్లలో సరిగ్గా సరిపోయింది అదొక్కటేనని అందరూ ఒప్పుకున్నారు.

బయల్దేరిన రోజు ఇళ్లల్లో జరిగిన భాగవతం వేరే. పప్పు డబ్బా ఎక్కడుందో, గేదెకు తవుడు ఎంత కలపాలో, కోల్డ్ స్టోరేజీ బాండ్లు బీరువాలో ఏ అరలో ఉన్నాయో చెప్పడానికే గుంటూరుకు పూట పట్టింది. పేట మాత్రం ఓడ పేరు, గది నంబర్లు, ఆరుగురి ఫోన్లు, తిరిగొచ్చే వేళ కాగితం మీద రాసి ఆరిళ్లల్లోనూ ఫ్రిజ్ మీద అంటించేలా చూసింది. “సముద్రంలోకి వెళ్లాక ఫోన్లు పలకవు, కంగారు పడొద్దు” అని చివర్లో ఎర్ర సిరాతో రాసింది.

అర్ధరాత్రి దాటాక రైలు ఒంగోలులో ఆగింది. ఒంగోలు ఎక్కింది. ఒక్క చేతిసంచి, అంతే. మిగతా ఐదుగురి సామాను పది సంచులు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, బోగీలో జనం నిద్రపోతున్నారు. పేట మాత్రం ఊరుకోలేదు. రైల్వే వాళ్ల తలగడ తీసి ఒంగోలు ఛాతీకి ఆనించి, చున్నీతో నడుం చుట్టూ కట్టి, ముడి ఎక్కడ బిగించాలో చూపించింది. పైబెర్తులో పడుకున్న పెద్దాయన లేచి ఆ వేషం చూసి, మళ్లీ అటు తిరిగి పడుకున్నాడు.

పచ్చడి జాడీలు చెన్నైలో చీరాల ఆడపడుచు ఇంట్లో దిగిపోయాయి. పండుమిరప కారం మాత్రం పర్చూరు చిన్న డబ్బాలో పెట్టుకుంది. స్కానింగ్ దగ్గర పట్టుకున్నారు. అక్కడి అమ్మాయి మూత తీసి వాసన చూసి, నోరూరినట్టే కనిపించింది గానీ లోపలికి మాత్రం పంపలేదు.

ఓడలో మొదటి గంటలోనే కూత కూసింది. ఏడు పొట్టివి, ఒకటి పొడుగుది. తినేవాళ్లు ప్లేట్లు వదిలి లేచారు. ఫొటోలు దిగేవాళ్లు విసుక్కున్నారు. ఒంగోలు అందరికంటే ముందు నడిచింది. జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తున్న కుర్రాడి దగ్గరికెళ్లి, తనకు కట్టించుకుని, విప్పించుకుని, తనంతట తను మళ్లీ కట్టుకుని చూపించింది. అతను బొటనవేలు ఎత్తాడు. కుప్పడం చీర మీద నారింజరంగు జాకెట్‌తో ఆమె ఫొటో ఇప్పటికీ ఆరుగురి ఫోన్లలోనూ ఉంది. పట్టుచీరల ఫొటోలు సరిగా రాలేదు. ఆ రాత్రి గాలికి అందరి జుట్టూ మొహాల మీదే ఉంది.

రెండు రోజులూ ఏం చేశారంటే పెద్దగా చెప్పడానికేం లేదు. తిన్నారు. పడుకున్నారు. తెల్లారుజామున లేచి, నాలుగు దిక్కులా నీళ్లే తప్ప గట్టు కనపడని చోట కాఫీ తాగారు. పర్చూరు ఆ నీళ్లను చాలాసేపు చూసి “ఇందులో ఒక్క తడికి సరిపోయేంత తియ్యటి నీళ్లయినా ఉండుంటేనా...” అంది. ఈతదుస్తులు పేట ఒక్కతే వాడింది. మిగతా ఐదూ ఇప్పటికీ బీరువాల్లో, ధర చీటీలతో సహా ఉన్నాయి.

అప్పు ఏమైందంటారా? తర్వాతి మిరప కోతలయ్యాక పావలా వడ్డీతో కలిపి పర్చూరు అణా పైసలతో చెల్లించింది. ప్రత్తిపాడు వడ్డీ డబ్బుతో అందరికీ గాజులు కొంది.

ఆ ఏడాదే కార్తికమాసంలో ఆరుగురూ కుటుంబాలతో కలిసి కృష్ణ ఒడ్డున వనభోజనాలకు వెళ్లారు. రేవులో పడవ ఉంది. పిల్లలు ఎక్కుదామన్నారు. మగవాళ్లు సరేనన్నారు. ఒంగోలు పడవవాడి దగ్గరికెళ్లి జాకెట్లు ఎన్నున్నాయని అడిగింది. “ఎందుకమ్మా, అయిదు నిమిషాల దూరమే గదా!” అన్నాడతను. “ఎన్నున్నాయి నాయనా?” అని మళ్లీ అడిగింది. లెక్కపెట్టి చూపించాడు. తొమ్మిది. వీళ్లు పిల్లలతో కలిపి పందొమ్మిది మంది. ముందు తొమ్మిదిమంది వెళ్లొచ్చాక మిగతావాళ్లు విడతలుగా వెళ్తారని పేట లెక్క చెప్పబోయింది. అప్పటికే ఒంగోలు ఒక్కో జాకెట్టూ తిప్పి పట్టీలు లాగి చూస్తోంది. మూడింటికి పట్టీలు తెగి ఉన్నాయి. పిల్లలకు సరిపోయేది ఒక్కటీ లేదు.

చాపలు మళ్లీ మర్రిచెట్టు కిందే పరిచారు. పిల్లలు కాసేపు అలిగారు. పులిహోరలోకి పర్చూరు పండుమిరప కారం తెచ్చింది. ఈసారి పెద్ద జాడీతో.